రెండు తాళంచెవుల సంసారం

మా ఇంట్లో పదిహేనేళ్ళ జపాను కారొకటుంది. చలికాలం మొదట్లో ఎవరో పుణ్యాత్ముడు పార్కింగులో డ్రైవరు వైపు తలుపుని గుద్ది, చీటీ అయినా పెట్టకుండా చక్కా పోయాడు. పాత కార్ల యార్డులో అదే మోడలు తలుపు, అదే రంగులో దొరికింది. బిగించారు. తలుపుతోపాటు దాని తాళమూ, దాని చెవీ వచ్చాయి. అంటే ఇక తలుపుకో చెవి, ఇంజనుకో చెవి.

దానికేముంది, రెండూ ఒకే రింగులో వేసుకుంటే సరి అనుకున్నాను. జనవరిలో ఒక రాత్రి పదకొండింటికి మా ఆవిడ డ్యూటీ దిగి ఫోన్ చేసింది. రిమోటు బ్యాటరీ చచ్చింది. రెండు చెవులూ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. చేతులకి గ్లవ్స్, చుట్టూ మంచు, మనిషన్నవాడు లేని పార్కింగు లాటు. ఏది పెట్టినా తిరగడం లేదంటుంది. నేను వెళ్ళేసరికి నలభై నిమిషాలు పట్టింది. దారి పొడుగునా ఆవిడ ఏమీ మాట్లాడలేదు. తిట్టినా బావుండేది.

మర్నాడు డీలరు దగ్గరికెళ్తే, కౌంటరులో కుర్రాడు స్క్రీను చూసి, ఇంజనుది, తలుపులది, డిక్కీది మొత్తం తాళాల సెట్టు మార్చాలన్నాడు. ఖర్చు కారు ధరలో మూడో వంతు. "ఈ ఒక్క తలుపు తాళాన్నీ పాత చెవికి కుదర్చలేరా?" అంటే కుదరదన్నాడు.

కుదరదట! ఇక్కడే నాకు ఒళ్ళు మండింది.

ఆ తాళంలో ఏ రహస్యమూ లేదండీ. ఒక గుండ్రటి గొట్టం, అందులో తిరిగే ఇంకో ముక్క, దానికి అడ్డంగా వరసగా పల్చటి ఇత్తడి రేకులు, ఒక్కో రేకు కింద ఒక చిన్న స్ప్రింగు. రేకుకి మధ్యలో కిటికీ ఉంటుంది. ఆ కిటికీ ఎత్తు రేకు రేకుకీ వేరు. చెవి మీద గాట్లు ఆ ఎత్తులకి సరిపోతే రేకులన్నీ లోపలికి సర్దుకుంటాయి, తాళం తిరుగుతుంది. అంతే. రేకుల వరస మారిస్తే చెవి మారుతుంది. ఇంజను స్టార్టవ్వడానికి చెవి తలలో చిప్పు కావాలి, దానికి ప్రోగ్రామింగు కావాలి, నిజమే. కానీ మా కారు తలుపు తాళానికి ఆ చిప్పు ఉన్నట్టే తెలీదు.

పాత తలుపు తాళం గొట్టం నుగ్గయింది గానీ రేకులు బాగానే ఉన్నాయి. శనివారం మధ్యాహ్నం వాటిని అదే వరసలో కొత్తదాంట్లోకి మార్చాను. రెండు గంటల పని, అందులో అరగంట సోఫా కింద స్ప్రింగు వెతకడానికి. (పళ్ళెంలో పెట్టుకుని విప్పండి.)

ఒకప్పుడు జనరల్ మోటార్స్ కార్లకి చతురస్రపు తల చెవి ఇంజనుకి, గుండ్రటి తలది తలుపులకీ డిక్కీకీ ఇచ్చేవారు. దానికో అర్థముంది. పార్కింగు కుర్రాడికి మొదటిదొక్కటే ఇచ్చి డిక్కీ భద్రంగా ఉంచుకోవచ్చు. నా రెండు చెవులకి ఏ అర్థమూ లేదు. ఒక చెవి పోతే ఇంకోటి ఉంటుంది కదా అన్నాడొక మిత్రుడు. ఒకే రింగులో ఉన్నవి విడివిడిగా ఎలా పోతాయి నాయనా?

ఇంకో మిత్రుడు, "నీ గంట రేటెంత? ఆ రెండు గంటలూ పనిచేస్తే..." అని మొదలెట్టాడు. నాకు డీలరు మీద కన్నా ఈ లెక్క మీదే ఎక్కువ కోపం. శనివారం నాకెవడూ బిల్లు కట్టడు. పైగా మన ఊళ్ళో సైకిలుకి తాళాల గుత్తి తగిలించుకుని వీధుల్లో తిరిగే ఆయన గుమ్మం ముందు కూర్చుని, ఒక్క ఆకురాయితో చేసే పనిని, కోడు రాసే మనం "కుదరదు" అంటే నమ్మేసి కార్డు తీస్తున్నాం! 2012లో మసాచుసెట్స్ జనం ఓటేసి మరీ, డీలరుకిచ్చే రిపేరు సమాచారం బయటి మెకానిక్కులకీ ఇవ్వాలని చట్టం తెచ్చుకున్నారు. మనం అడగను కూడా అడగం. విప్పే ఓపిక లేకపోతే బయటి తాళాలవాణ్ణి పిలవండి, ఇది వాళ్ళకి రోజూ ఉండే పనే.

మా ఆవిడ రింగులో ఇప్పుడొకటే చెవి. రెండోదాంతో మావాడు అట్టపెట్టెల టేపు కోస్తున్నాడు.