ముందు బోర్డు, తర్వాత రోగులా?

డాక్టర్ ఐడా స్కడ్డర్ వేలూరులో 1902లో ఆసుపత్రి కట్టారు. నర్సింగ్ బడి పెట్టింది 1909లో. ముందు మంచాలు, మంచాల మీద రోగులు, వాళ్ల కోసం నర్సులు. అదీ వరస. దేశంలోని తొలి బీఎస్సీ నర్సింగ్ కోర్సుల్లో ఒకటి 1946లో అక్కడే మొదలైంది.

వేలూరికి గంట దూరంలో, చిత్తూరులో ఉన్నాం మనం. ఆ వరసను తలకిందులు చేశాం. ముందు నర్సింగ్ కాలేజీ బోర్డు లేస్తుంది, తర్వాత అడ్మిషన్లు, ఆ తర్వాత రోగుల కోసం వెతుకులాట! వంద పడకల సొంత ఆసుపత్రి ఉండాలని, వార్డులో ఒక్కో విద్యార్థికి ముగ్గురు రోగులుండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన. తనిఖీ రోజున ఆ పడకలు కనబడితే చాలదు. తనిఖీ బృందం కారెక్కాక ఎన్ని మిగిలాయో అడగండి.

కుప్పం, పలమనేరు, పుంగనూరు పల్లెల నుంచి ఆడపిల్లలు వస్తారు. ఇంట్లో పాడి ఆవును అమ్మి ఫీజు కట్టిన తల్లులున్నారు. ఆ పిల్లకు దక్కేదేమిటి? ప్రభుత్వాసుపత్రి వార్డులో ఒక్క మంచం చుట్టూ పదిమంది మధ్య నిలబడి తొంగిచూడటం. లేదంటే ప్రైవేటు నర్సింగ్ హోములో పోస్టింగ్ పేరుతో జీతం లేని రాత్రి డ్యూటీ, నేర్పే సిస్టరు పక్కన లేకుండా. కాథెటర్ చేత్తో వేయకుండానే ప్రొసీజర్ బుక్కు నిండిపోతుంది. ఇది చదువు కాదు, దగా.

2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయి 11 మంది కోవిడ్ రోగులు ప్రాణాలు విడిచారు. అలాంటి నిమిషాల్లో రోగి పక్కన ఉండేది నర్సే. కాగితం మీద నేర్చిన చేతుల్ని ఆ మంచం దగ్గర నిలబెట్టడం రోగికీ ద్రోహమే, ఆ పిల్లకూ ద్రోహమే.

మెడికల్ కాలేజీల పక్కనే 157 నర్సింగ్ కాలేజీలు పెట్టాలని 2023లో కేంద్రం నిర్ణయించింది. ఆసుపత్రి లేనిదే నర్సింగ్ చదువు లేదని ఒప్పుకున్నట్టే కదా! మరి ఇప్పటికే రోగులు లేకుండా నడుస్తున్న వాటి సంగతేమిటి?

కౌన్సెలింగ్‌కు ముందే ప్రతి కాలేజీ తన ఆసుపత్రి పేరు, పడకలు, రోజువారీ రోగుల లెక్క బయట పెట్టాలి. తనిఖీ చెప్పకుండా రావాలి, రాత్రి పూట రావాలి. రోగులు లేని చోట వచ్చే ఏడాది ఒక్క సీటు కూడా ఇవ్వకూడదు. అక్కడున్న పిల్లల్ని ఆసుపత్రి ఉన్న కాలేజీకి మార్చాలి. మిగిలిన ఏళ్ల ఫీజు ఆ పాత యాజమాన్యమే కట్టాలి.