షమీమా సంగతేంటి?

తస్లీమా నస్రీన్ 'లజ్జ' గురించి మాట్లాడమంటే మనలో చాలామందికి ఇబ్బందే. మెచ్చుకుంటే హిందూత్వవాదులు చప్పట్లు కొడతారు. విమర్శిస్తే ముస్లిం ఛాందసుల పక్షాన చేరామంటారు. ఈ రెండు భయాల మధ్య ఆ నవలని సరిగ్గా చదవడమే మానేశారని నా ఆరోపణ.

1992 డిసెంబరులో ఇక్కడ బాబ్రీ మసీదు కూల్చారు. ఆ కక్ష బంగ్లాదేశ్‌లో అక్కడి హిందువుల మీద తీర్చుకున్నారు. ఢాకాలోని దత్తా కుటుంబం ఆ పదమూడు రోజుల్లో పడ్డ నరకమే 'లజ్జ'. ఆ ఇంటి కూతురు మాయని గుంపు ఎత్తుకుపోతుంది. నవల 1993లో వచ్చిన కొద్ది నెలలకే ప్రభుత్వం నిషేధించింది. మరుసటి ఏడు రచయిత్రి దేశమే విడవాల్సి వచ్చింది. తన దేశంలో మెజారిటీ మతం చేసిన అన్యాయాన్ని ఆ మతంలోనే పుట్టిన స్త్రీ రాయడం మామూలు ధైర్యం కాదు. ఆ ధైర్యానికి చేతులెత్తి మొక్కుతాను.

కానీ అందులో ఇంకో స్త్రీ ఉంది. షమీమా. పొట్టకూటి కోసం ఒళ్లమ్ముకునే మనిషి. మాయ అన్న సురంజన్ ఆమెని ఇంటికి తీసుకొచ్చి, ముస్లిం కాబట్టే ఆమె ఒంటి మీద పగ తీర్చుకుంటాడు. అది అత్యాచారం. తర్వాత కాసిని డబ్బులిచ్చి పంపేస్తాడు. కథ ముందుకి నడిచిపోతుంది.

పటాన్‌చెరులో నేను పాఠాలు చెప్పే కాలేజీలో ఒక సహోద్యోగి ఈ పుస్తకం ఇస్తూ "చదవండి మేడం, వాళ్లెలాంటివాళ్లో తెలుస్తుంది" అన్నాడు. షమీమా సంగతేంటని అడిగితే "ఆవిడెవరు?" అన్నాడు. ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనిచేసే తల్లికి పుట్టిన ఒక విద్యార్థిని మాత్రం అదే పుస్తకం చదివి "షమీమా తర్వాత ఏమైంది మేడం?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ నవల దగ్గరా లేదు.

నా గొడవంతా ఇక్కడే. దీన్ని ప్రచారానికి వాడుకున్నవాళ్లకి మాయ కావాలి, షమీమా అక్కర్లేదు. నిషేధించమన్నవాళ్లకి ఇద్దరూ అక్కర్లేదు, మతం పరువు దక్కితే చాలు. మరి రచయిత్రి? సురంజన్ ఎంత దిగజారాడో చెప్పడానికి షమీమాని తెచ్చింది గానీ, ఆ ఘటనని షమీమా వైపు నుంచి చూపించలేదు. స్త్రీ రాసిన నవలలోనూ ఆమె మగవాడి పతనానికి కొలమానమే అయింది. ఇది నన్ను బాధపెడుతుంది.

అయితే ఈ విమర్శ తస్లీమా మీద దాడికి సాకు కాకూడదు. 2007 ఆగస్టు 9న హైదరాబాద్ ప్రెస్‌క్లబ్‌లో ఆమె 'శోధ్' నవల తెలుగు అనువాదాన్ని ఆవిష్కరించే సభలో మజ్లిస్ శాసనసభ్యులు, కార్యకర్తలు ఆమె మీద పడ్డారు. దాన్ని ఖండించడానికి "కానీ ఆవిడ కూడా..." అంటూ నసగడం దేనికి? రాతకి జవాబు రాతే.

అలా రాసేవాళ్లు మన దగ్గర లేరా? షాజహానా 'నఖాబ్' 2005లోనే వచ్చింది. తస్లీమాని చూపించి "మన ముస్లిం స్త్రీలు నోరు విప్పరేం?" అని అడిగేవాళ్లు దాన్ని తెరిచి చూశారా?

మాయ కోసం కన్నీళ్లు పెట్టుకునేవాళ్లని షమీమా గురించి అడుగుదాం. షమీమా గురించి మాట్లాడేవాళ్లని మాయ గురించి అడుగుదాం. రెండో పేరు దగ్గర నోరు మెదపనివాళ్లు ఏ మతం వాళ్లైనా సరే, వాళ్ల కన్నీళ్లని నమ్మొద్దు.