లైటు వెలిగితే సెన్సార్ పోయినట్టేనా?

అన్నలారా, ఈ పోస్టు కొందరు మెకానిక్కులకు నచ్చకపోవచ్చు. అయినా రాస్తాండా.

అరటి గెలలు కొట్టే రోజుల్లో మన వేంపల్లె చుట్టుపక్కల పికప్ బండ్లకు ఒకే రోగం. మీటర్ బోర్డులో ఇంజన్ బొమ్మ పసుప్పచ్చగా వెలుగుతుంది, యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి 40 దాటదు. షెడ్డుకు తీసుకపోతే స్కానర్ పెడతారు, "సెన్సార్ పోయిందన్నా, మార్చాల" అంటారు. మారుస్తారు. నాలుగు రోజులకు మళ్లీ అదే లైటు. ఈసారి ఇంకో సెన్సార్ పేరు చెప్తారు. పాతది పోలేదని తేలినా కొత్తదానికి కట్టిన డబ్బులు ఎవురూ వాపసు ఇయ్యరు. అందుకే నేను అనేది ఒకటే: కోడ్ నంబరు కాగితం మీద రాసియ్యకుండా, వైరు చూడకుండా, ఎవురు చెప్పినా సెన్సార్‌కు డబ్బులు కట్టొద్దండి.

ముందు బండి ఎందుకు మొద్దుబారుతుందో చూద్దాం. ఇంజన్‌కు గాలి ఎంత వస్తాంది, డీజిల్ ఒత్తిడి ఎంత ఉంది, మనం పెడల్ ఎంత తొక్కినాం అని కంప్యూటర్‌కు చెప్పేవి సెన్సార్లే. చెప్పే లెక్కలు ఒకదానికొకటి పొసగకపోతే కంప్యూటర్ దేన్నీ నమ్మదు. టర్బో ఒత్తిడి, డీజిల్ తగ్గించి, ఇంటికి చేరేంత బలం మాత్రం ఇస్తుంది. యాక్సిలరేటర్ పెడల్‌కే రెండు సెన్సార్లు ఉంటాయి. రెండూ వేరే వేరే మాట చెప్తే బండి తనంతట తానే పరుగెత్తకుండా పగ్గం వేస్తుంది. ఇది ఇంజన్ చెడిపోవడం కాదు, చెడిపోకుండా కాపాడుకోవడం. గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతా లోడుతో ఉన్నప్పుడు ఈ మాట చెప్తే తిడతారులే, అది వేరే సంగతి.

ఇప్పుడు అసలు కథ. కోడ్ అనేది తీర్పు కాదు, ఫిర్యాదు. పీ0087 వస్తే డీజిల్ రైలులో ఒత్తిడి తక్కువైందని అర్థం. దానికి రైలు సెన్సార్ మార్చేస్తారు. చాలాసార్లు డీజిల్ ఫిల్టర్ మూసుకపోయి ఉంటుంది, లేదా డీజిల్‌లో నీళ్లు కలిసి ఉంటాయి. సెన్సార్ నిజమే చెప్తాంది, దాన్నే పీకి పారేస్తాండారు! పీ0299 అంటే టర్బో గాలి చాలడం లేదు. ముందు టర్బో నుంచి ఇంజన్‌కు పోయే రబ్బరు గొట్టం చిరిగిందా, క్లిప్పు వదులైందా చూడాల. పీ0101 గాలి కొలిచే సెన్సార్ మీద వస్తుంది. మన మట్టి రోడ్ల దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్ ఎట్లుందో చూసినాకే ఆ సెన్సార్ జోలికి పోవాల. పీ2138 అంటే పైన చెప్పిన పెడల్ గొడవ. అది పెడల్ కప్లర్‌లో చిలుం పట్టినా వస్తుంది.

కప్లర్లు అన్నాను కదా, దీని గురించి కాస్త గట్టిగా చెప్పాల. తోటలో షెడ్డు కింద బండి పెడితే ఎలుకలు దూరి వైర్లు కొరుకుతాయి. బోరు నీళ్లతో ప్రెషర్ పెట్టి ఇంజన్ కడిగితే కప్లర్లలోకి నీళ్లు పోతాయి. పోయిన నీళ్లు ఆరుతాయి, లోపల పచ్చగా పట్టిన చిలుం మాత్రం ఆరదు. బానెట్ ఎత్తి, తాళం తీసి, కోడ్ చెప్పిన సెన్సార్ కప్లర్ పీకి చూస్తే సగం కేసులు అక్కడే తెగుతాయని నా నమ్మకం.

ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటి ఉంది. స్టీరింగ్ కింద 16 కాళ్ల సాకెట్ ఉంటుంది. దానికి తగిలించే చిన్న బ్లూటూత్ స్కానర్ కొన్ని వందల రూపాయల నుంచే దొరుకుతుంది, ఫోన్లో చూసుకోవచ్చు. అన్ని కంపెనీల సొంత కోడ్లు చదవదు, అయినా మనకు చాలు. పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద, స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేయండి. నీళ్ల వేడి, గాలి వేడి రెండూ దాదాపు బయటి ఎండంతే చూపాల. ఒకటి మైనస్ 40 చూపిందంటే ఆ వైరు ఎక్కడో తెగిందనే ఎక్కువ అనుమానం. టర్బో ఒత్తిడి సెన్సార్ అప్పుడు బయట గాలినే చూపాల, అంటే సుమారు 100 కిలోపాస్కల్. ఇవి సరిగ్గా ఉంటే "సెన్సార్ పోయింది" అన్నోడిని ఎట్లా పోయిందో చూపించమనండి.

బ్యాటరీ వైరు తీసి లైటు ఆర్పేది మానండి. కోడ్ పుట్టినప్పుడు వేగమెంత, వేడి ఎంత అని బండి రాసిపెట్టుకున్నదంతా పోతుంది, రోగం మాత్రం ఉంటుంది. ఎర్ర లైటుకు ఈ ఓపిక పనికిరాదు. ఆయిల్ దీపం, వేడి దీపం ఎర్రగా వెలిగితే గెలలు ఎండినా సరే, అక్కడికక్కడే బండి ఆపండి.

ఇంకోటి. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లలో ఎక్కువ వాటికి సైలెన్సర్‌లో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది. తోట నుంచి మండీకి, మండీ నుంచి తోటకు నాలుగైదు కిలోమీటర్లే తిప్పితే అది వేడెక్కదు, మసి కాలదు. వారానికొకసారి కడప రోడ్డులో అరగంట ఒకే వేగంతో పోనియ్యండి. 50 హార్స్ పవర్ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి కొత్త పొగ నిబంధనలు వచ్చినాయి. వాటితో పాటే కంప్యూటర్ ఇంజన్లు మన మళ్లలోకి దిగినాయి. రేపు దుక్కి మధ్యలో ఈ లైటు చూస్తాం.

అందుకే కోడ్ సమాచారం, స్కానర్లు కంపెనీ షెడ్డు దగ్గరే తాళమేసి పెట్టడం తప్పంటాను. ఇది నా ఒక్కని గోల కాదు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఇదే కారణంగా, అంటే విడిభాగాలు, స్కానర్లు బయటి మెకానిక్కులకు అందనియ్యలేదని, 14 కార్ల కంపెనీలకు మొత్తం 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. తర్వాత అది అప్పీళ్లకు పోయింది. 2022లో కేంద్రం రిపేరు హక్కు మీద కమిటీ వేసి, వ్యవసాయ యంత్రాలను కూడా అందులో చేర్చింది. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2023లో రైతు ట్రాక్టర్‌ను రైతే బాగు చేసుకునేట్టు చట్టమే చేసింది. మనకు చట్టం వచ్చేదాకా షెడ్డులో మూడు అడగండి: కోడ్ నంబరు, తీసేసిన పాత సెన్సార్, బిల్లు. బిల్లు మీద కోడ్ రాయనంటే ఇంకో షెడ్డుకు పోదాం, వేంపల్లెలో లేకపోతే పులివెందులలో ఉంటారు.