నోటుకు కాలదోషం పట్టక ముందే



మేడారం దగ్గర నుండి ఒక సహోదరుడు ఈ ప్రశ్న పంపారు. ఇది చాలా కుటుంబాలలో ఉన్న బాధే గనుక దానికి ఇక్కడే జవాబు వ్రాస్తున్నాము.

ప్రశ్న: 2022 జాతర అయిన తరువాత, మార్చి 10వ తేదీన, మా బావమరిదికి ప్రోనోటు మీద నలభై వేల రూపాయలు ఇచ్చాను. "వచ్చే జాతరకు ఇస్తాను బావా" అన్నాడు. 2024 ఫిబ్రవరి జాతర వెళ్లింది. అడిగితే మళ్లీ అదే మాట. 2026 జనవరి జాతర కూడా వెళ్లింది. ఇప్పుడు నోటు చూపిస్తే "దానికి కాలదోషం పట్టింది, పో" అంటున్నాడు. సంతకం అతనిదే, సాక్షులూ ఉన్నారు. నా డబ్బు పోయినట్టేనా?

జవాబు: సహోదరుడా, మీ బావమరిది చెప్పిన మాట చట్టం ప్రకారం నిజమే. అడిగినప్పుడు చెల్లిస్తానని వ్రాసిన ప్రోనోటు మీద దావా వేయడానికి గడువు మూడేండ్లు. ఆ గడువు నోటు వ్రాసిన తేదీ నుండి నడుస్తుంది, మీరు బాకీ అడిగిన రోజు నుండి కాదు. మొదటి రోజును వదిలి లెక్కిస్తే మీకు చివరి తేదీ 2025 మార్చి 10. జాతర రెండేండ్లకొకసారి వస్తుంది, చట్టం ఇచ్చినది మూడేండ్లు. మొదటి జాతర వరకు ఆగినా మీకు ఏడాది మిగిలింది. రెండవ జాతర వరకు ఆగడంతో గడువు దాటిపోయింది.

ఇది 1963 నాటి కాలపరిమితి చట్టం. కేంద్ర చట్టం గనుక తెలంగాణలోను, ఆంధ్రప్రదేశ్‌లోను ఒకటే లెక్క. గడువు దాటిన దావాను, ఎదుటివాడు ఆ మాట ఎత్తకపోయినా సరే, కోర్టు కొట్టివేయాలి. అప్పీలు ఆలస్యమైతే తగిన కారణం చూపి క్షమించమని అడగవచ్చు గాని, దావాకు ఆ వీలు లేదు.

చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. నోటిమాటగా ఇచ్చిన వాయిదా గడువును ఆపదు. పెద్దమనుషుల పంచాయతీ ఆపదు. లాయరు నోటీసు పంపినా ఆగదు. గడువు పెరగాలంటే ముఖ్యంగా రెండు మార్గాలున్నవి. రెండూ మూడేండ్లు నిండక ముందే జరగాలి.

మొదటిది: "ఈ నోటు బాకీ నేను ఇంకా చెల్లించవలసియున్నది" అని బాకీదారు వ్రాసి, తేదీ వేసి సంతకం చేయడం. రెండవది: కొంత సొమ్ము చెల్లించి, ఆ చెల్లును నోటు వెనుక తన చేతితో వ్రాయడం, లేక ఇతరులు వ్రాసిన దాని క్రింద సంతకం పెట్టడం. ఆ రోజు నుండి మళ్లీ మూడేండ్లు వస్తాయి. 2024 జాతరలో మీరు అయిదు వందలైనా తీసుకొని చెల్లు వ్రాయించుకొనియుంటే 2027 ఫిబ్రవరి దాకా గడువుండేది. విశ్వాసులు కోర్టుకెక్కరాదని వెనుకాడేవారు గమనించండి: సంతకం అడగడం వ్యాజ్యం కాదు. వ్యాజ్యం లేకుండా ఓపిక పట్టడానికి అదే దారి.

ఇప్పుడు మీరేమి చేయాలి? గడువు దాటితే మూతపడేది కోర్టు తలుపు మాత్రమే, బాకీ చెరిగిపోదు. పాత బాకీని చెల్లిస్తానని అతడు కొత్తగా కాగితం మీద వ్రాసి సంతకం చేస్తే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం ఆ వాగ్దానం చెల్లుతుంది. ఇప్పుడు పాత నోటు వెనుక చెల్లు వేయించుకొన్నంత మాత్రాన చాలదు, కొత్త నోటు కావాలి. కావున సంఘ పెద్దలను వెంటబెట్టుకొని వెళ్లి, శాంతంగా అడగండి.

మిగిలిన పాఠకుల నిమిత్తం మరి కొన్ని గడువులు. నోటు లేని చేబదులుకు, ఇచ్చిన రోజు నుండి మూడేండ్లు. భూమి అమ్ముతానని అగ్రిమెంటు వ్రాసి రిజిస్ట్రేషను చేయకపోతే, అందులో పెట్టిన తేదీ నుండి మూడేండ్లు. తేదీ లేకపోతే, అతడు నిరాకరించినట్లు మీకు తెలిసిన నాటి నుండి మూడేండ్లు. సంరక్షకుడు మైనరు పిల్లల ఆస్తిని కోర్టు అనుమతి లేకుండా అమ్మితే, ఆ బిడ్డకు పద్దెనిమిది నిండిన తరువాత మూడేండ్లలోగా దావా వేయాలి. మీ భూమిని ఇతరులు తమదేనని ఆక్రమించుకుంటే పన్నెండేండ్లు. అది దాటితే భూమి మీద మీ హక్కే పోతుంది. గెలిచిన డిక్రీని అమలు చేయించుకోవడానికీ సాధారణంగా పన్నెండేండ్లే. తాకట్టు పెట్టిన భూమిని విడిపించుకోవడానికి ముప్పది ఏండ్లు. జిల్లా కోర్టుకు అప్పీలు ముప్పది రోజులలో, హైకోర్టుకైతే తొంభై రోజులలో.

ఏజెన్సీవారికి ఒక ప్రత్యేకమైన మాట. మేడారం ఒకప్పుడు వరంగల్ జిల్లాలోనిది; 2019 నుండి ములుగు జిల్లాలో ఉన్నది. అది షెడ్యూల్డు ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలు, వాటికి 1970లో వచ్చిన సవరణ (వన్ ఆఫ్ సెవెంటీ) ఇక్కడ వర్తిస్తాయి. ఆ సవరణ తరువాత ఇక్కడి భూమిని గిరిజనేతరులకు అమ్మడం చెల్లదు. కనుక "పన్నెండేండ్లు దాటింది, ఇక నీకేమీ లేదు" అని ఎవరైనా అనగానే గిరిజన కుటుంబాలు ఆశ వదలుకోవద్దు. గిరిజన సంక్షేమ శాఖ స్పెషల్ డిప్యూటీ కలెక్టరుకు దరఖాస్తు పెట్టి విచారించండి. వడ్డీకి అప్పులివ్వడం గూర్చి కూడా ఏజెన్సీలో వేరే నిబంధనలున్నవి.

లాయరు ఫీజుకు భయపడి ఆలస్యం చేయకండి. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలవారికి, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. 15100కు ఫోను చేసి అడగవచ్చు.

ఈ రాత్రి భోజనాలయ్యాక పెట్టె తెరచి మీ నోట్లు బయటకు తీయండి. ఒక్కొక్క దాని తేదీ చూసి, మూడేండ్లు ఎప్పుడు నిండుతాయో కాగితం మీద వ్రాసి గోడకు అంటించండి. అలాగే మీరు ఇతరులకు బాకీ ఉన్నారేమో కూడా చూడండి. కాలదోషం పట్టినా అప్పు అప్పే. ఆపదలో మనలను నమ్మి ఇచ్చినవాని సొమ్మును మూడేండ్లు దాటాయని ఎగవేయడం మన ఇంటికి తగదు.