తీరిక దొరికే కొట్టు

హోటల్లో ఒంటరిగా భోంచేయాలంటే మనలో చాలామందికి మొహమాటం. ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంటే ముద్ద దిగదు. గబగబా నాలుగు మెతుకులు తిని లేచి వచ్చేస్తాం. జపాన్‌లో మాత్రం ఒంటరి మనిషి తాపీగా తినడానికే పెట్టారా అనిపించే కొట్లున్నాయి. వాటి పేరు కిస్సాతెన్. అంటే 'టీ తాగే దుకాణం'. అసలు గిరాకీ మాత్రం కాఫీకే!

టోక్యోలో 1888లోనే కాఫీ దుకాణం తెరిచారు. అయితే ఇప్పుడు జనం మురిపెంగా తలచుకునేది షోవా చక్రవర్తి కాలం (1926-89) నాటి కొట్లను. తలుపు తోయగానే చిన్న గంట మోగుతుంది. ముదురురంగు చెక్క బల్లలు, మఖమల్ కుర్చీలు, పసుప్పచ్చని దీపాలు. యజమానిని అందరూ 'మాస్టర్' అనే పిలుస్తారు... అచ్చం మన టీ మాస్టర్ లాగే!

భోజనానికి 'నాపోలితాన్' చెప్పారనుకోండి. ఉల్లిపాయ, క్యాప్సికం, సాసేజ్ ముక్కలు వేయించి, ఉడికించిన స్పగెట్టీ వేసి, టొమాటో కెచప్ కలిపి తెస్తారు. ఇటలీలోని నేపుల్స్‌తో దీనికున్న చుట్టరికం, మన గోబీ మంచూరియాకు మంచూరియాతో ఉన్నంతే! తిన్నాక ఆకుపచ్చ మెలన్ సోడా. దానిమీద తేలుతూ ఓ ముద్ద ఐస్‌క్రీం.

కొన్ని కొట్లలో మాస్టర్ పెంచుకునే పిల్లి కూడా ఉంటుంది. మెత్తని కుర్చీ దానిదే. వచ్చినవాళ్లే సర్దుకుని కూర్చోవాలి.

పిల్లి కోసమే వెళ్లే కఫేలు వేరు. 1998లో తైవాన్‌లోని తైపేలో మొదలైన ఈ ముచ్చట 2004లో జపాన్‌లోని ఒసాకాకు చేరింది. అక్కడి నగరాల్లో చాలా అద్దె ఇళ్లలో జంతువుల్ని పెంచనివ్వరు. అందుకే వీటికి అంత ఆదరణ. చాలాచోట్ల బిల్లు తిండికి కాదు, గడిపిన సమయానికి! చేతులు కడుక్కుని లోపలికి వెళ్లాలి. నిద్రపోతున్న పిల్లిని కదపకూడదు. ఫొటో తీసినా ఫ్లాష్ వాడకూడదు. ఒళ్లోకి వస్తే దాని దయ, రాకపోతే మన ప్రాప్తం.

డబ్బిచ్చి మరీ పిల్లి పక్కన కూర్చోవడమేమిటని నవ్వుకోవచ్చు. కానీ 2020 జనాభా లెక్కల ప్రకారం జపాన్‌లో దాదాపు 38 శాతం ఇళ్లలో ఉండేది ఒక్కరే. అలాంటివాళ్లకు రోజూ వెళ్లి కూర్చునే చోటు ఒకటుంటే ఎంత ఊరట! రోజూ వచ్చే పెద్దాయన ఇవాళ కనిపించకపోతే, ఏమైందోనని మాస్టర్‌కు అనుమానం వస్తుంది. ఆయన గురించి అలా ఆలోచించేవాళ్లు ఇంకెవరూ ఉండకపోవచ్చు.

బాధేమిటంటే ఆ కొట్లే తగ్గిపోతున్నాయి. 1981లో జపాన్ అంతటా లక్షన్నరకు పైగా కిస్సాతెన్‌లు ఉండేవి. ఇప్పుడు అందులో సగం కూడా లేవు. ఒకవైపు పెద్ద కంపెనీల కాఫీ షాపుల పోటీ. మరోవైపు మాస్టర్లు ముసలివాళ్లయ్యారు, నడిపేందుకు వారసులు లేరు. కాఫీకేం, ఎక్కడైనా దొరుకుతుంది. "ఇవాళ ఆలస్యమైందే" అని పలకరించే మనిషి దొరకొద్దూ!

మీ వీధి చివర కూడా ఓ పాత హోటల్ ఉండే ఉంటుంది. ఈ వారం ఓ పూట వెళ్లి తీరిగ్గా భోంచేయండి. ఎదుటి కుర్చీ ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు. గుమ్మం దగ్గర పిల్లి కనిపిస్తే మాత్రం... దారివ్వండి!