కెమెరా పలికే సాక్ష్యం

కడప జిల్లా నుండి ఒక సోదరి మాకు ఉత్తరం వ్రాశారు. ఇంటర్మీడియట్ పూర్తిచేసిన వారి అబ్బాయి రాత్రి ఆకాశాన్ని ఫొటోలు తీయడానికి డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా కావాలని పట్టుబడుతున్నాడట. ఇది దుబారా కాదా, అసలు ఫొటోలు తీయడం ధర్మసమ్మతమేనా అని వారి సందేహం.

రెండవ ప్రశ్నపై ఎక్కువసేపు ఆగనవసరం లేదు. ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్నది ప్రాణుల చిత్రాల విషయంలో. కొండలు, చెట్లు, నక్షత్రాల విషయంలో ఆ చర్చ లేదు. ఇక దుబారా సంగతి. ఆ కుర్రవాడు కెమెరాతో ఏం చేయబోతున్నాడన్నదే దానికి జవాబు. అందుకే ముందు ఆ పని ఎలాంటిదో తెలుసుకుందాం.

మన కన్ను వెలుగును కూడబెట్టుకోలేదు. క్షణం క్రితం అందిన కాంతిని వదిలి కొత్త కాంతిని అందుకుంటూ ఉంటుంది. కెమెరా అలా కాదు. షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ సన్నని నక్షత్రకాంతిని బొట్టుబొట్టుగా పోగుచేసుకుంటుంది. అందుకే కంటికి నల్లగా కనిపించిన చోట ఫొటోలో వందలాది చుక్కలు తేలుతాయి. ఇందులో మాయ లేదు, ఓపిక ఉంది.

ఓపికకూ ఒక హద్దుంది. భూమి గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగుతూనే ఉంటుంది కనుక షట్టర్ ఎక్కువసేపు తెరిస్తే చుక్కలు గీతలుగా సాగిపోతాయి. కెమెరాతో పాటు సాధారణంగా వచ్చే 18-55 లెన్స్‌ను 18 మిల్లీమీటర్ల వద్ద ఉంచితే 15 సెకన్ల వరకు ఫరవాలేదు. అదే 50 మిల్లీమీటర్ల లెన్స్ అయితే 6 సెకన్లు దాటరాదు. ఎపర్చర్ పూర్తిగా తెరవాలి, ఐఎస్‌ఓ 1600 లేదా 3200 ఉంచాలి. చీకటిలో ఆటోఫోకస్ పనిచేయదు. ప్రకాశవంతమైన ఒక నక్షత్రాన్ని తెరపై పెద్దదిగా చేసి చూస్తూ, అది అతి చిన్న చుక్కగా మారేవరకు లెన్స్ వలయాన్ని చేత్తోనే తిప్పాలి. వేలి అదురు తగలకుండా 2 సెకన్ల టైమర్ పెట్టుకోవాలి. ఫైలును రా పద్ధతిలోనే దాచుకోవాలి. ఈ చివరి మాట ఎందుకన్నామో ముందు ముందు తెలుస్తుంది.

ఆకాశాన్ని ఫొటో తీయడం మన ప్రాంతానికి కొత్త విద్య కాదు. హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో సొంత ఖర్చుతో ఒక వేధశాలకు పునాది వేశారు. వారి మరణానంతరం 1908లో అది నిజాం ప్రభుత్వం చేతికి వచ్చి నిజామియా వేధశాలగా పేరొందింది. అప్పటికే 1887లో పారిస్‌లో సమావేశమైన ఖగోళవేత్తలు ఆకాశమంతటినీ ఫొటోలలో నమోదు చేయాలని సంకల్పించి, ఒక్కొక్క భాగాన్ని ఒక్కొక్క వేధశాలకు పంచి ఉన్నారు. చిలీ దేశపు శాంటియాగోకు కేటాయించిన దక్షిణాకాశపు పట్టీ అక్కడ పూర్తికాక చివరకు హైదరాబాదుకు దక్కింది. 1914 నుండి బేగంపేటలో ఏళ్ళ తరబడి రాత్రులు మేల్కొని వెయ్యికి పైగా గాజు ప్లేట్లు తీశారు. తర్వాత ఉత్తరాకాశంలోనూ ఒక పట్టీని స్వీకరించారు. ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను కొలిచి సంపుటాలుగా ప్రచురించారు. నేడు అదే బేగంపేట దీపాల వెలుగులో పట్టుమని పది చుక్కలు కూడా లెక్కపెట్టలేము.

ఆ మహాకార్యంలో ఒక పద్ధతి మమ్మల్ని విశేషంగా ఆకర్షించింది. గాజు ప్లేటుపై దుమ్ము కణమో, పూతలో లోపమో ఉంటే అదీ అచ్చం నక్షత్రంలాగే కనిపిస్తుంది. అందుచేత ఆకాశపటం కోసం చాలాచోట్ల ఒకే ప్లేటుపై మూడుసార్లు ఫొటో తీసేవారు, ప్రతిసారీ దూరదర్శినిని రవంత జరిపి. నిజమైన నక్షత్రం చిన్న త్రిభుజంలా మూడు చుక్కలుగా పడుతుంది, దుమ్ము ఒంటరిగా మిగిలిపోతుంది. ఒక్క సాక్షి మాటపై ఆధారపడకుండా ముగ్గురిని నిలబెట్టడమన్నమాట. హదీసు విద్య చదివినవారికి ఈ జాగ్రత్త కొత్తగా తోచదు.

నేటి యువకులు అనేక ఫొటోలను ఒకదానిపై ఒకటి పేర్చి కంప్యూటర్‌లో ఒకటిగా చేస్తారు. ఇది కల్పన కాదా అని కొందరు పెద్దలు మమ్మల్ని అడిగారు. కాదనే మా అభిప్రాయం. సెన్సర్ పుట్టించే మచ్చలలో చాలావరకు ఒక్కో ఫొటోలో ఒక్కో చోట పడతాయి, నక్షత్రం మాత్రం ప్రతిదానిలో తన చోటనే ఉంటుంది. అనేకమంది ఒకే మాట చెప్పినప్పుడు దానికి తవాతుర్ బలం చేకూరినట్లే ఇక్కడా నిజం మిగిలి పొరపాటు చెదిరిపోతుంది. క్రీ.శ. 964 ప్రాంతంలో అబ్దుర్రహ్మాన్ అస్సూఫీ తన నక్షత్ర గ్రంథంలో ‘చిన్న మేఘం’గా నమోదు చేసిన ఆండ్రోమెడా నక్షత్రవీధిని, 25 లక్షల కాంతి సంవత్సరాల దూరాన ఉన్నదానిని, 50 మిల్లీమీటర్ల లెన్స్‌తో తీసిన కొన్ని పదుల ఫొటోలను ఇలా పేర్చి మన డాబా మీద నుండే పట్టుకోవచ్చు. ఊరి దీపాలు తక్కువగా ఉండాలి, అంతే.

లేనిదానిని తెచ్చి అతికించడం వేరు. చార్మినార్ వెనుక దానంత ఎత్తు చంద్రుడు ఉదయిస్తున్న చిత్రాలు పండుగ రోజుల్లో అందరి ఫోన్లలో తిరుగుతాయి. ఆకాశంలో చంద్రుని వెడల్పు అర డిగ్రీ మాత్రమే. 50 మీటర్లకు పైబడిన ఆ కట్టడంతో చంద్రుడు సమానంగా కనిపించాలంటే 6 కిలోమీటర్ల దూరాన నిలబడి పెద్ద టెలిఫొటో లెన్స్‌తో తీయాలి. అలా కష్టపడి తీసేవారు ఉన్నారు, వారికి మా సలాం. వీధి మలుపులో నిలబడి తీసిన చిత్రంలో అంత చంద్రుడు ఉంటే మాత్రం అది అబద్ధం. కొన్ని ఫోన్లయితే మన ప్రమేయం లేకుండానే ఈ పని చేస్తున్నాయి. 2023లో ఒకరు చంద్రుని బొమ్మను కావాలనే మసకబరచి, కంప్యూటర్ తెరపై ఉంచి ఫోన్‌తో తీయగా, ఆ బొమ్మలో లేని గుంటలూ మచ్చలూ ఫొటోలో ప్రత్యక్షమయ్యాయి.

అలంకారానికి చేసినది అలంకారంగానే ఉంటే మేము పట్టించుకునేవారం కాము. కాని 29వ తేదీ సాయంత్రం సంగతి వేరు. నెలవంక కనిపించిందంటూ ఎక్కడిదో, ఎప్పటిదో ఒక ఫొటో వస్తుంది, నిమిషాల్లో వంద ఇళ్ళకు పాకుతుంది. ఒక ఇంట్లో సెహరీకి బియ్యం నానబెడతారు, పక్కింట్లో వద్దంటారు. అన్నదమ్ములు ఒకే గోడకు అటూ ఇటూ వేర్వేరు రోజుల్లో పండుగ చేసుకున్న సందర్భాలు మాకు తెలుసు.

ఫొటో అసలైనదే అయినా చిక్కు తీరదు. 2013 జూలై 8న ఫ్రాన్స్‌కు చెందిన థియరీ లెగో సరిగ్గా అమావాస్య ఘడియలోనే, పట్టపగలు, ప్రత్యేక ఫిల్టర్‌తో, సూర్యకాంతి లెన్స్‌లో పడకుండా అడ్డుపెట్టి చంద్రరేఖను ఫొటో తీశారు. రమజాను ఆరంభమవుతున్న రోజులవి. ఆ రేఖను ఏ మానవ నేత్రమూ చూడగలిగేది కాదు. కెమెరా పట్టుకున్నదంతా కంటికి కనిపించినట్లు కాదని దీనివల్ల తేలుతుంది. రుయత్ తీర్పు చేయవలసింది హిలాల్ కమిటీల పెద్దలు. కెమెరా ఉన్న అబ్బాయి చేయవలసింది ఇదీ: ఫొటోను గుంపులకు పంపకుండా తీసుకుని వెళ్ళి కమిటీ వారికి చూపాలి. ఏ ఊరిలో, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు, ఏ లెన్స్‌తో తీశాడో చెప్పాలి. తన కంటితో చూశాడా, తెరపై మాత్రమే చూశాడా అన్నది దాచకుండా చెప్పాలి. రా ఫైలును దాచుకోమన్నది ఇందుకే. దిద్దిన చిత్రానికి అది సనదు వంటిది.

సోదరీ, మీ అబ్బాయి ఇలా తీయడానికి సిద్ధంగా ఉంటే ఆ ఖర్చును దుబారా అనము. కొత్తది అక్కరలేదు. పదేళ్ళ నాటి పాత కెమెరా అయినా షట్టర్ సరిగా ఉంటే చాలు, మిగిలిన డబ్బుతో గట్టి ట్రైపాడ్ కొనండి. జనవరిలో ఇషా తర్వాత మీరూ డాబా ఎక్కండి. ఆగ్నేయ దిక్కున అన్నిటికంటే ఎక్కువగా మెరిసేది షిఅరా, నజ్మ్ సూరాలో పేరుతో ప్రస్తావించబడిన నక్షత్రం. మన పంచాంగాలు రోహిణి అనే ఎర్రని చుక్కకు నేటికీ ప్రపంచమంతటా వాడుకలో ఉన్న పేరు అరబ్బులు పెట్టిన అద్దబరాన్. దానికి కాస్త అవతల గుంపుగా ఉన్నది సురయ్యా, మన పల్లెల పిల్లలకోడి. మొదటి ఫొటో దానినే తీయమనండి. చంద్రుడు లేని రాత్రి చూసుకోండి, వరండా దీపం ఆర్పండి. ట్రైపాడ్‌ను చాప మీద కాక గచ్చు మీదనే నిలపమనండి, చాప మీద మీరు కూర్చోవచ్చు.