ఒకటిన్నర డిగ్రీ అంటే ఎంత?

ఆ రాత్రి టీవీలో వార్తలొస్తున్నాయి. ఫ్యాక్టరీలూ బొగ్గూ రాకముందు రోజులతో పోలిస్తే 2024లో భూమి సగటు వేడి ఒకటిన్నర డిగ్రీకి పైగానే పెరిగిందట. "ఓస్, ఇంతేనా! పొద్దుటికీ మధ్యాహ్నానికీ పది డిగ్రీలు మారట్లేదూ?" అనేశారు మావారు. నిజమే కదా అనుకుని నేనూ పప్పు తాలింపుకి లేచిపోయాను. లెక్కలు తప్పించుకోవడానికే ఇంటర్‌లో హిస్టరీ, సివిక్స్ తీసుకున్న మనిషిని మరి! తెరమీద అంకె కనబడితే చాలు, నా చెవులు వాటంతటవే మూసుకుంటాయి.

మర్నాడు పక్కింటి పిల్లాడికి జ్వరం. థర్మామీటర్ 101.3 చూపించింది. వాళ్లమ్మ తడిగుడ్డ వేస్తూ ఒకటే కంగారు. మామూలుగా ఉండాల్సింది 98.6. పెరిగింది 2.7. అది ఫారన్‌హీట్ లెక్క కదా, సెల్సియస్‌లోకి మారిస్తే సరిగ్గా ఒకటిన్నర! (మా అమ్మాయి చేత మార్పించాన్లెండి.)

భూమీ ఒళ్లూ ఒకటేనని కాదు నేననేది. పొద్దుటికీ మధ్యాహ్నానికీ తేడా ఒక పూట సంగతి. సగటంటే సముద్రాలూ, మంచుకొండలూ, పగలూ, రాత్రీ అన్నీ కలిపి ఏడాది పొడుగునా తీసింది. అది కాస్త జరిగినా, వడగాడ్పులు మునుపటికంటే తరచుగా వస్తాయి, గట్టిగా కొడతాయి. వడదెబ్బ ఏం చేస్తుందో మనకి తెలియనిదా? 2015 వేసవిలో మన రెండు రాష్ట్రాల్లో రెండు వేల మందికి పైగా పోయారు.

పోనీ లెక్కలొస్తే సరిపోతుందా అంటే అదీ లేదండీ. మా బావగారు బ్యాంకులో చేసి రిటైరయ్యారు, చక్రవడ్డీ నోటితో చెప్పేస్తారు. ఏ ఏడు చలి ఎక్కువ పడిందో ఆ ఒక్క అంకే పట్టుకొచ్చి "వేడెక్కడ పెరిగిందమ్మా?" అంటారు. అమెరికాలో పదిహేను వందల మందికి పైగా అడిగి 2012లో ఒక పరిశోధన వేశారు. సైన్సూ లెక్కలూ బాగా వచ్చినవాళ్లలోనే ఈ విషయంమీద అభిప్రాయాలు మరీ ఎడమెడంగా ఉన్నాయట. తెలివంతా వాదనకే ఖర్చయిందన్నమాట!

నాలాంటివాళ్లకి వాతావరణ శాఖవాళ్ల రంగులే నయం. పసుపైతే గమనిస్తూ ఉండాలి, నారింజైతే సిద్ధపడాలి, ఎరుపైతే వెంటనే జాగ్రత్త పడాలి. మా పనిమనిషి మధ్యాహ్నం ఒంటిగంటకి వచ్చేది. భోజనాలయ్యాక గిన్నెలన్నీ ఒకేసారి తోమిస్తే సులువని అలా రమ్మన్నది నేనే. "ఇవాళ 44 అట" అంటే, "నిన్న 43 ఉందిగా అమ్మా" అని నవ్వేసింది. "ఎరుపు రంగు ఇచ్చారే" అన్నాక ఆగింది. ఇప్పుడు వేసవంతా ఏడింటికే వస్తోంది. మధ్యాహ్నం గిన్నెలు సాయంత్రం దాకా నానుతున్నాయి, మావారు సణుగుతున్నారు.